కాడి మీద ఎంత బరువు?

అక్టోబరులో ఆకులు రాలడం మొదలవగానే కెనడా నుంచి, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల నుంచి ఎన్నో జంటలు దక్షిణానికి బయల్దేరతాయి. చాలామంది రిటైరైనవాళ్లే. ముందు పికప్ ట్రక్కు, దాని వెనక మంచం, పొయ్యి, స్నానాలగది ఉన్న చక్రాల ఇల్లు. చలికాలమంతా ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో గడిపి, ఎండలు మొదలయ్యాక ఇంటిదారి పడతారు. ఆ ట్రావెల్ ట్రైలర్ రోడ్డు మీద తిన్నగా నడవడానికి కారణమైన సూత్రం మాత్రం వరంగల్ పల్లెల్లో బండి తోలిన ప్రతివాడికీ తెలుసు.

మోటార్లు రాకముందు ఇక్కడ కలిగిన ఇళ్ల ఆలుమగలు సవారీ కచ్చురంలో ఊళ్లకు పోయేవారు. ఒక ఇరుసు, రెండు చక్రాలు, పైన వంపు గూడు, లోపల గడ్డి పరిచి దానిమీద బొంత. దక్షిణాన ఐనవోలు మల్లన్న జాతరకైనా, కురవి వీరన్న దగ్గరికైనా బండి కదిలే ముందు ఒక పని తప్పనిసరి: తూకం చూసుకోవడం. ఇరుసుకు ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడల్ని అణిచేస్తుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింది పలుపు గొంతుకు పట్టేస్తుంది. ఎద్దు అడుగు తడబడగానే తోలేవాడు "ఎనక బరువైంది, జర ముందటికి జరుగుండ్రి" అనేవాడు. కాడి మీద కొంత బరువు ఉండాలి, కానీ ఎక్కువ ఉండకూడదు. అది ఎంతో ఎద్దే చెప్పేది.

సరదా కోసం చక్రాల ఇంట్లో తిరగడాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన గోర్డన్ స్టేబుల్స్. 1885లో బ్రిస్టల్‌లోని బండ్ల కంపెనీతో ‘వాండరర్’ అనే ఇంటిబండి చేయించుకుని, రెండు గుర్రాలు కట్టి, ఇంగ్లండ్‌లోని ట్వైఫోర్డ్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా వెళ్లాడు. సుమారు 2 టన్నుల ఆ బండి వస్తోందని దారి చెప్పడానికి ముందు ఒక నౌకరు మూడుచక్రాల సైకిల్ తొక్కేవాడు.

తర్వాత గుర్రం పోయి కారు వచ్చింది. 1919లో బర్మింగ్‌హామ్‌లో ఎకిల్స్ సంస్థ కారు లాగే కారవాన్లు చేయడం మొదలుపెట్టింది. అమెరికాలో ఈ పనికి దిగినవాళ్లలో విమానాల మనుషులున్నారు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన విమానం తయారీని పర్యవేక్షించిన హాలీ బౌలస్ 1934లో అల్యూమినియం రేకుతో ట్రైలర్ చేశాడు. వాలీ బయామ్ 1936లో తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌లో నలుగురు పడుకోవచ్చు. నీటి ట్యాంకు, కరెంటు దీపాలు కూడా ఉండేవి. ధర 1,200 డాలర్లు. గాలిని చీల్చుకుపోయే నున్నని ఒళ్లు, తక్కువ బరువు వేగాన్ని పెంచాయి. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఎద్దుకు మెడ నొస్తే తెలుస్తుంది, ఇంజిన్‌కు తెలియదు. తూకం తప్పిన ట్రైలర్ మెల్లగా పోయేటప్పుడు బుద్ధిగానే ఉంటుంది, వేగం అందుకున్నాకే పాములా మెలికలు తిరుగుతుంది.

ట్రైలర్ గురుత్వ కేంద్రం ఇరుసుకు వెనక పడిందనుకోండి. ఈదురుగాలి తగిలినా, పక్కనుంచి బస్సు దూసుకుపోయినా వెనక కొస పక్కకు ఊగుతుంది. ఆ ఊపు కొక్కెం ద్వారా ముందు బండి తోకను తోస్తుంది. ఒక హద్దు దాటిన వేగంలో ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదై, చివరికి రెండూ బోల్తా పడతాయి. గురుత్వ కేంద్రం ఇరుసుకు ముందుంటే ఆ హద్దు పైకి జరుగుతుంది. మామూలు వేగాల్లో ఊపు తనంతట తానే చల్లారుతుంది. ఊగుతున్నప్పుడు లాగే బండికి గట్టిగా బ్రేకు వేస్తే వెనకది తోసుకొస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకులు మాత్రం చేత్తో వేయాలి.

అందుకే అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలంటారు. 2,000 కిలోల ట్రైలర్‌లో కొక్కేనికీ ఇరుసుకూ మధ్య 5 మీటర్లు, గురుత్వ కేంద్రం ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందు ఉందనుకుందాం. కొక్కెం మీద బరువు 240 కిలోలు, అంటే 12 శాతం. ఇరుసుకు 3 మీటర్ల వెనక 100 లీటర్ల నీళ్లు నింపితే అది 180 కిలోలకు పడిపోతుంది. శాతం 9 లోపే. అవే నీళ్లు సరిగ్గా ఇరుసు మీద ఉంటే 240 మారదు. రెండు కొసల్లోనూ బరువులు పెట్టి లెక్క సరిచేసినా లాభం లేదు; కొసల బరువు ఒకసారి ఊగడం మొదలుపెడితే ఓ పట్టాన ఆగదు.

వరంగల్‌లో కచ్చురం చోటు ట్రాక్టర్ ట్రాలీ తీసుకుంది. దసరా దాటాక పత్తి నింపుకుని ఏనుమాముల మార్కెట్‌కు వచ్చేదీ, రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి టార్పాలిన్ కప్పుకుని సుమారు 100 కిలోమీటర్ల అవతలి మేడారానికి పోయేదీ అదే. అందులో మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు లేవు కాబట్టి, దిగుడులో వెనక బరువంతా ట్రాక్టర్ మీదికి వస్తుంది. రెండు చక్రాల ట్రాలీలో ముందు బరువు మితిమీరితే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు.

ఎద్దు చెప్పిన లెక్కను ఇప్పుడు ధర్మకాంటా చెప్పగలదు. సరుకు తూచేటప్పుడు ట్రాక్టర్‌ను ఒకసారి విడిగా తూచాలి. తర్వాత ట్రాలీ తగిలించి, దాని చక్రాలు కాంటా బయటే ఉండేలా నిలిపి మళ్లీ తూచాలి. రెండు అంకెల తేడాయే కొక్కెం మీది బరువు. కాంటా దగ్గర ఈ రెండో తూకం అడిగేవాళ్లు అరుదు. మొత్తం ఎన్ని క్వింటాళ్లో తెలిస్తే బేరం కుదురుతుంది. బరువు ఎక్కడుందో తెలిస్తేనే బండి క్షేమంగా ఇల్లు చేరుతుంది.