తీగ లేకుండా కెమెరా నుంచి టీవీలకు దృశ్య ప్రసారం: తక్కువ వ్యయంతో సాధ్యం

సభామందిరం నిండిపోయినప్పుడు వేదికపై కార్యక్రమాన్ని వెలుపల ఉన్న ప్రజలకు టీవీల ద్వారా చూపవలసిన అవసరం అధికారులకు తరచూ ఏర్పడుతుంది. పొడవైన కేబుళ్లు లేకుండానే, పరిమిత వ్యయంతో దీనిని నెరవేర్చవచ్చును.

ఫుల్ హెచ్‌డీ దృశ్యాన్ని సెకనుకు 30 ఫ్రేముల చొప్పున యథాతథంగా పంపాలంటే సెకనుకు సుమారు 150 కోట్ల బిట్లు ప్రసారం కావాలి. సాధారణ వై-ఫై ఆ భారాన్ని మోయజాలదు. కెమెరా హెచ్‌డీఎంఐ పోర్టుకు అమర్చే ఎన్‌కోడర్ హెచ్.264 విధానంలో దృశ్యాన్ని కుదించి, దానిని దాదాపు 50 లక్షల బిట్లకు తగ్గించగలదు. ఆపై ఒక రూటరు, ప్రతి టీవీ వద్ద ఒక రిసీవరు ఉంటే చాలును. ఒక్కొక్క టీవీకి విడిగా ప్రసారం జరిగితే 4 టీవీలకు ఈ భారం 2 కోట్ల బిట్లకు చేరుతుంది.

అయితే ఈ విధానంలో దృశ్యం కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరవచ్చును. వేదిక లౌడ్‌స్పీకర్ల ధ్వని ముందుగానే వినిపిస్తుంది. కావున వెలుపలి టీవీల వద్ద ధ్వనిని కూడా అదే ప్రసారం నుంచి తీసుకోవాలి.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో నిర్ణీత శక్తి పరిమితికి లోబడిన పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. కాని ఇతరుల ప్రసారాల వలన కలిగే అంతరాయం నుంచి ఆ మినహాయింపు రక్షణ కల్పించదు. వందలాది సెల్‌ఫోన్లు చేరిన చోట ఖాళీ మందిరంలో జరిపిన పరీక్ష సరిపోదు. కనీసం ఒక టీవీకైనా కేబుల్ సిద్ధంగా ఉంచుకోవడం శ్రేయస్కరం.