మంచినీటికి, ఉప్పునీటికి నడుమ తేంగాయితిట్టు

పుదుచ్చేరి పట్టణపు దక్షిణపు అంచున, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే తావుకు చేరువలో తేంగాయితిట్టు ఉన్నది. తెలుగువారి చెవికి ఆ పేరులోని ‘తిట్టు’ దూషణగా వినిపించవచ్చును. తమిళంలో తిట్టు అనగా నీటి నడుమ మెరకగా లేచిన దిబ్బ; గోదావరి తీరంలో లంక అనీ, తిప్ప అనీ పిలిచేది దాదాపు ఇదే. ‘తేంగాయ్’ మన టెంకాయయే. ఒకవైపు మడచెట్లు పెరిగిన ఉప్పుటేరు, మరొకవైపు చేపల రేవు, ఆవల సముద్రం. ఎటు చూచినా నీరే. అందులో గుక్కెడు త్రాగదగినది లేదు. త్రాగే నీరు నేల అడుగు నుండి రావలసినదే.

ఈ స్థితి పట్టణమంతటికీ వర్తిస్తుంది. సమీపంలోని శంకరాపరణి నది వర్షాధారం. ఏడాది పొడుగునా పారదు. అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన తెలుగు యానాం చెంత గౌతమీ గోదావరి ఉన్నది, పుదుచ్చేరికి అటువంటి జీవనది లేదు. ప్రజాపనుల శాఖ కుళాయిల ద్వారా ఇచ్చే నీరూ, ఇంటి పెరటిలోని బోరు నీరూ భూగర్భ జలమే. కుళాయి వేరు, బోరు వేరు అనుకోవడం సహజం. కాని రెండింటికీ ఆధారమైన ఇసుక పొరలు, ఇసుకరాతి పొరలు ఎవరి ప్రహరీగోడతోను ఆగిపోవు.

తీరప్రాంతంలో ఈ జలం ఎంత సున్నితమైనదో తెలుసుకోవడానికి ఒక లెక్క చాలును. సముద్రపు నీరు మంచినీటి కంటె కొంచెం బరువు. అందుచేత నేల అడుగున మంచినీరు పైన తేలి, ఉప్పునీరు క్రింద నిలుస్తుంది. పైపొరలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటె 1 మీటరు ఎత్తున ఉన్నట్లయితే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు దొరుకుతుంది. పందొమ్మిదవ శతాబ్ది చివర డచ్చి దేశీయుడు బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా ఈ సంగతి చెప్పారు. దీనిని తిరగవేసి చూస్తేనే అసలు భయం బోధపడుతుంది. మోటార్లు తోడి తోడి మట్టాన్ని ఒక్క మీటరు దించితే, కాలక్రమంలో అడుగునుండి ఉప్పునీరు 40 మీటర్లు పైకి ఎగబ్రాకవచ్చును. చెన్నైకి ఉత్తరాన మీంజూరు ప్రాంతంలో సేద్యానికీ, నగరానికీ అతిగా తోడినందువల్ల ఉప్పునీరు కొన్ని కిలోమీటర్ల దూరం లోపలికి చొచ్చుకువచ్చింది. ఒకసారి ఉప్పెక్కిన పొర మళ్ళీ మంచిపడడానికి దశాబ్దాలు పట్టవచ్చును.

మంచినీటి విలువ ఈ పట్టణానికి క్రొత్తగా తెలిసినది కాదు. భారతీ పార్కు నడుమ తెల్లగా నిలిచిన ఆయి మండపం వెనుక ఒక కథ ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు దీపకాంతులతో వెలుగుతున్న ఒక భవనాన్ని దేవాలయమని భ్రమించి నమస్కరించాడట. అది ఆయి అనే దేవదాసి ఇల్లని తెలిసి, కోపించి కూల్చివేయమన్నాడట. ఆమె తానే ఇల్లు తీయించి, ఆ చోట జనానికి చెరువు త్రవ్వించిందని ఐతిహ్యం. ఫ్రెంచివారి పాలనలో, మూడవ నెపోలియన్ చక్రవర్తి కాలంలో (1852–1870) ముత్తిరైయర్‌పాళయం నుండి పట్టణానికి నీరు తెచ్చినపుడు, ఆమె స్మృత్యర్థం ఈ మండపం కట్టారు. కథలోని చారిత్రక సత్యం మాట ఎట్లున్నా, పట్టణం ఒక రాజుకు కాక నీరిచ్చిన స్త్రీకి గుర్తు నిలుపుకొన్నది.

ఇక ఇంటిలోని నీటి సంగతి. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో కరిగిన లవణాలు మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే ఆధారం లేనపుడు మాత్రమే 2000 వరకు సహించవచ్చును. క్లోరైడుకు ఈ హద్దులు 250, 1000. నీరు ఉప్పగా తోచినదంటే గృహిణి నాలుక ఈ లెక్కను తనంతట తానే పసిగట్టినదన్నమాట. అటువంటి నీటిని కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి గాని ఉప్పు పోదు. ఆవిరిగా పోయిన నీటి మేరకు కొంచెం చిక్కబడుతుంది కూడా. రివర్స్ ఆస్మోసిస్ యంత్రం ఉప్పును తీసివేస్తుంది; అయితే ఇళ్ళలో వాడే యంత్రాలు సాధారణంగా తాము ఇచ్చే నీటి కంటె ఎక్కువ నీటిని వదిలివేస్తాయి. లవణాలు 500 లోపు ఉన్నచోట ఈ యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. భూగర్భ జలం తరిగి ఉప్పెక్కినదని, దానిని మరింత తోడి సగానికి పైగా కాలువపాలు చేయడం వింత వైద్యమే.

నాలుకకు తెలియని అపాయం మరొకటి ఉన్నది. నీరు గంటల లెక్కన వదిలే ఊళ్ళలో, సరఫరా ఆగిన వేళ గొట్టాలలో పీడనం పడిపోతుంది. అతుకులు వదులుగా ఉన్నచోట చుట్టూ ఉన్న మురుగు లోపలికి పీల్చుకోబడుతుంది. వీధి గొట్టానికి నేరుగా మోటారు తగిలించి నీరు లాగే ఇల్లు ఈ పీల్పును మరింత పెంచుతుంది. పొరుగింటికి నీరు తగ్గడం కంటె ఇది పెద్ద కీడు. కుళాయి నీటిని సంపులోకి దానంతట అది పడనిచ్చి, అక్కడి నుండి పై ట్యాంకుకు ఎక్కించుకోవడమే సరియైన పద్ధతి. సంపు మూత నేలకంటె ఎత్తుగా, వాననీరు దిగకుండా ఉండాలి. ఏడాదికి రెండుసార్లయినా సంపును, ట్యాంకును ఖాళీచేసి, తోమి, బ్లీచింగు పౌడరు కలిపిన నీటితో కడగాలి. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. ఆ స్వల్పమైన వాసనను చూచి నీరు చెడిపోయిందని పారబోయరాదు.

సూక్ష్మజీవుల కాలుష్యాన్ని పసిగట్టడానికి గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1982లో ఒక సులభమైన సీసా పరీక్షను వెలువరించారు. మందు అద్దిన కాగితం గల శుభ్రమైన సీసాలో నీరు నింపి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, కలుషితమైన నీరు నల్లబడుతుంది. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులు తమ వీధి నీటిని ఇట్లా పరీక్షించి చూడవచ్చును. నల్లబడిన నీటిని కాచి త్రాగుతూ, సంగతిని శాఖవారికి తెలియజేయాలి.

భూగర్భ జల వినియోగాన్ని అదుపుచేయడానికి పుదుచ్చేరిలో 2002లో ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం బోరుకు హద్దు పెట్టగలదు. తోడిన నీటిని తిరిగి నింపవలసినది మాత్రం వాన. ఈ తీరంలో అధిక వర్షం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలతో కురుస్తుంది. సెప్టెంబరులోనే డాబా ఊడ్చి, గొట్టాల ఆకులు తీసి, ఇంకుడుగుంటలోని ఇసుక, కంకర కడిగి పెట్టుకొన్న ఇంటికి ఆ మూడు నెలల వాన దక్కుతుంది. తొలివాన నీటిని దుమ్ముతో సహా బయటికి వదిలి, తరువాతి వానను గుంటలోకి మళ్ళించాలి.