పెరిగే సంఘంలో పేరుపెట్టి పిలిచేదెవరు?

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు మేడారం అడవి పట్నమైపోతుంది. నాలుగు రోజుల సమ్మక్క–సారలమ్మ జాతరకు లక్షలాది మంది తరలివస్తారు. జంపన్నవాగు చుట్టుపక్కల గుడారాలు వేసుకుంటారు. పక్క గుడారంలోని వాళ్లెవరో తెలియకపోయినా ఉప్పో నిప్పో ఇచ్చిపుచ్చుకుంటారు. విశ్వాసాలు వేరైనా ఆ కలివిడితనం నుంచి క్రైస్తవులమైన మేము నేర్చుకోవలసింది ఉందనే అనుకుంటాం. అయితే జాతర నాలుగు రోజులది. సంఘమన్నది ఏడాదిలో యాభైరెండు ఆదివారాలు, వాటి మధ్య వచ్చే కష్టాల సోమవారాలు కూడా. మంది పెరిగినకొద్దీ కలివిడితనం నిలుస్తుందా?

యెరూషలేములోని తొలి సంఘానికే ఈ చిక్కు ఎదురైంది. శిష్యుల సంఖ్య పెరుగుతున్న రోజుల్లోనే సణుగుడు పుట్టిందని అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం దాచకుండా చెబుతుంది. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు అనుదిన భోజనం సరిగా అందడం లేదు. ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. మంది ఎక్కువైతే మూలన కూర్చున్నవారు కంటికి ఆనరు, అంతే. అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసమని గద్దించలేదు. ఉన్నదానితో తృప్తిపడమని ఆ విధవరాండ్రకు ప్రసంగమూ చేయలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే! నష్టపోయినవారి భాష తెలిసినవారికే గరిటె చేతికిచ్చారని మాకనిపిస్తుంది. వాక్యం ప్రబలి, శిష్యుల సంఖ్య బహుగా విస్తరించిందన్న మాట ఆ తర్వాతే వస్తుంది (అపొ.కా. 6:7).

మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో, డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాయి గానీ, రెండూ ఒకప్పటి వరంగల్ జిల్లావే. తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1930ల మధ్యనాటికి ఆయన అధ్యక్ష మండలంలో సుమారు రెండు లక్షల మంది సంఘంలో చేరారు. ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు, రెక్కాడితేగాని డొక్కాడని కూలీలు.

అంతమందిని ఒక్క మనిషి పేరుపేరునా ఎరగడం అయ్యే పని కాదు. అందుకే ఆయన తెలుగు పాదిరులను, పల్లెల్లోనే కాపురముండే ఉపదేశకులను తయారు చేశారు. బాప్తిస్మం పొందినవారిని తలపై చేయి ఉంచుకుని, సువార్త ప్రకటించే భారం తమదేనని పలకమనేవారు. అక్షరం రాని కూలీ కూడా ఆ పూట సంఘానికి బాధ్యుడయ్యేవాడు. పేదవాడేమిస్తాడులే అని జాలిపడటం ఆయనకు నచ్చేది కాదు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు.

ఊళ్లో ఒకరినొకరు దూరం పెట్టుకున్న మాల, మాదిగలు ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలోనిది తాగవలసి వచ్చింది. అది తేలిగ్గా జరగలేదు. నేటికీ అన్నిచోట్లా పూర్తయిందని మేము చెప్పలేం.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఇదే అజరయ్య పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు త్యాగాలు చేశారు, దానాలు చేశారు, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నదే దాని సారాంశం. మన పెద్ద సంఘాల్లో వెనుక వరుసలో కూర్చుని, ఆరాధన కాగానే ఎవరితో మాట్లాడకుండానే వెళ్లిపోయేవారి మనసులో ఉన్నదీ అదే కదా? కుర్చీలు, మైకులు, కార్లకు చోటు, అన్నీ పెరిగాయి. రెండు వారాలు రాకపోతే ఏమైందని అడిగే మనిషి మాత్రం వారికి దొరకడం లేదు.

సంతృప్తి గురించి పౌలు రాసిన మాటలు (ఫిలిప్పీ 4:11) తరచుగా వినిపిస్తాయి. ఉన్నవాళ్లు లేనివాళ్లకు చెప్పడం మరీ ఎక్కువ! ఆ మాట రాసిన పౌలు బంధకాల్లో ఉన్నాడు. సంతృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానన్నాడు, పుట్టుకతో వచ్చిందనలేదు. అయినా తన శ్రమలో పాలుపంచుకున్నందుకు ఫిలిప్పీయులను ఆ వెంటనే మెచ్చుకున్నాడు (4:14). వారి కానుక మోసుకొచ్చిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత రోగి అయ్యాడు. ఆ సంగతి ఫిలిప్పీలో తెలిసింది. తన జబ్బు గురించి తనవాళ్లు విన్నారని ఎపఫ్రొదితు బెంగపడ్డాడు. చెరలో తోడు అవసరమున్నా పౌలు అతణ్ణి తన దగ్గర ఉంచుకోలేదు. చేతికి ఉత్తరమిచ్చి ఇంటికి పంపేశాడు.