హెచ్‌ఈసీ చదివితే ఏమొస్తుంది? ఉరవకొండలో ఒక లెక్క

పదో తరగతి పాసైన పిల్లను అనంతపురం జిల్లా ఉరవకొండలో ఎవరైనా అడిగేది ఒకటే: ‘ఎంపీసీనా, బైపీసీనా?’ మార్కులు తగ్గితే సీఈసీ అంటారు. హెచ్‌ఈసీ మాట అందరికంటే చివర్న, కాస్త జాలిగా వస్తుంది. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం చదివితే బతుకు తెరువుండదని ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. అంకెలు చూస్తే ఆ నిర్ణయం నిలబడదు.

దేశంలో డిగ్రీ చదివేవాళ్లలో 34.2 శాతం మంది ఆర్ట్స్‌లోనే ఉన్నారని 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే తేల్చింది. ఇంజనీరింగ్, టెక్నాలజీ వాటా 11.8 శాతం. సివిల్స్ మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కలోకి వచ్చే రాతపరీక్ష మార్కులు 1750. అందులో వ్యాసానికి 250, చరిత్ర, సంస్కృతి, భూగోళం, సమాజం కలిసిన పేపరుకు 250, రాజ్యాంగం, పాలనకు 250, నైతికతకు 250. ఇలాంటి చదువులకు చెందినవే మొత్తం 1000. ఇంజనీరింగ్ చదివిన దురిశెట్టి అనుదీప్ ఆంత్రోపాలజీని ఆప్షనల్‌గా తీసుకుని 2017లో దేశంలోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. అంతకుముందు ఏడాది రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యంతో మూడో ర్యాంకు సాధించారు. ఇంటర్‌లో వద్దనుకున్న సబ్జెక్టులనే ఇరవై దాటాక కోచింగ్ ఫీజు కట్టి చదువుకుంటున్నాం.

అయినా నాయకత్వమంటే కలెక్టర్ కుర్చీ ఒక్కటే కాదు. మా కరువు నేల మీద అది ఎలా పుట్టిందో చూస్తే ఈ చదువుల విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి దాదాపు 552 మిల్లీమీటర్లు. శెనక్కాయ విత్తి ఆకాశం వైపు చూడడం తప్ప గతిలేని ఈ జిల్లాలో 1916లో దత్తమండల కళాశాల పెట్టారు. ఈనాటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలి రోజుల్లో అక్కడ పాఠాలు చెప్పారు. తెలుగు భాషా చరిత్ర రాసిన చిలుకూరి నారాయణరావు కూడా అక్కడి అధ్యాపకుడే. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన ప్రాంతానికి అప్పట్నుంచి ఉన్న పేరు దత్తమండలాలు. 1928 నవంబరులో నంద్యాల సభలో దాన్ని రాయలసీమగా మార్చాలని ప్రతిపాదించినవాడు ఈ తెలుగు పంతులే. ఆయన సీమలో పుట్టినవాడు కాదు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన భూమి అనే పేరును మోస్తూ హక్కులు అడగలేమని చరిత్ర చదివిన మనిషికి తట్టింది.

అడగడం ఎలాగో ఆ తర్వాతి పదేళ్లలోనే తెలిసింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. సంతకాలు చేసిన పెద్దల్లో అనంతపురం నుంచి సాధన పత్రిక నడిపిన పప్పూరి రామాచార్యులు, హిందూపురం ప్రాంతపు కల్లూరి సుబ్బారావు ఉన్నారు. అందులో అడిగినవాటిలో రెండింటి గురించి చెప్పాలి: విశ్వవిద్యాలయ కేంద్రాల్లో ఒకటి అనంతపురంలో ఉండాలి, కృష్ణా తుంగభద్ర పెన్నా నీళ్లలో సీమ అవసరాలకు ముందు చోటివ్వాలి. నీళ్లనూ చదువునూ ఒకే కాగితం మీద పెట్టిన ఆ చూపుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అడిగినవి దక్కడానికి పట్టిన కాలం చూడండి. 1954లో విశ్వవిద్యాలయం తిరుపతికి వెళ్లింది. అనంతపురానికి 1968లో పీజీ కేంద్రం, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చాయి: 44 ఏళ్లు. శ్రీశైలం వెనక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తిపోసే హంద్రీ-నీవాలో కృష్ణమ్మ బెళుగుప్ప మండలం జీడిపల్లి రిజర్వాయరు చేరింది 2012లో: 75 ఏళ్లు. ఇంతకాలం పట్టే పోరాటంలో ఎవరు ఏ మాట ఇచ్చారు, ఎప్పుడు తప్పారు అని చెప్పగలిగినవాడే జనం ముందు నిలబడగలడు.

పట్టా ఒక్కటే నాయకుణ్ని చేస్తుందని నేననను. నీలం సంజీవరెడ్డి 1931లో ఆర్ట్స్ కాలేజీ చదువు మధ్యలో వదిలేసి ఉద్యమంలోకి దూకారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన్ను 1952లో ఓడించిన బావమరిది తరిమెల నాగిరెడ్డి రిషివ్యాలీ, లయోలా, బెనారస్‌లలో చదివారు. యుద్ధపు ఆర్థిక ప్రభావం మీద చిన్న పుస్తకం రాసి 1940లో జైలుకెళ్లారు. దారులు వేరైనా ఇద్దరికీ తమ కాలాన్ని చదవడం తెలుసు.

ఇప్పటి సంగతికొస్తే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట వరుసలో నిలబడండి. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు, పైన ఎవరో రాసిచ్చిన అర్జీ. ‘మా సమస్య పరిష్కరించగలరని మనవి’ అనే వాక్యం ఉంటుంది. సర్వే నంబరు, తేదీ, ఏ అధికారి ఇంతకుముందు ఏం చెప్పాడు, ఏ నిబంధన కింద అడుగుతున్నాం అన్నవి ఉండవు. అవి ఉన్న అర్జీని పక్కన పడేయడం కష్టం. ఆధారం వెతకడం, మాటకు మాట సరిచూడడం, ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయడం నేర్పేవి చరిత్ర, పౌరశాస్త్రం, తెలుగు తరగతులే.

ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచి పదవుల్లో సగం ఆడవాళ్లవి. పేరు ఆమెది, మాట భర్తది అయ్యే ఇళ్లు మనకు కొత్త కాదు. తీర్మానాల పుస్తకం తనే చదివి, తప్పుంటే సంతకం పెట్టనని చెప్పగల అమ్మాయి ఏ గ్రూపులో తయారవుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఉరవకొండ కాలేజీలు ఇప్పుడే చేయగల పని ఒకటుంది. శ్రీబాగ్ ఒడంబడిక పొడవైనదేమీ కాదు, ఒక తరగతిలో చదివేయొచ్చు. చదివాక పిల్లల్ని జీడిపల్లి గట్టు మీదికి తీసుకెళ్లి, ఏ కాలువ ఏ ఊరిదాకా పారుతోందో, ఏ చెరువుకు ఇంకా నీళ్లు రాలేదో పటం గీయించాలి. ఆ పటం పట్టుకుని గ్రామసభలో మొదటి ప్రశ్న వాళ్లచేతే అడిగించాలి.