దైవస్మరణ (జిక్ర్): దైనందిన జీవితంలో దాని ఆధ్యాత్మిక విలువ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జిక్ర్ అనే పదానికి అర్థాన్ని, నమాజుకూ జిక్ర్‌కూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• నాలుకతో చేసే స్మరణ హృదయస్మరణగా మారే క్రమాన్ని తెలుసుకుంటారు.
• శ్రమించే మనిషి దినచర్యలో జిక్ర్‌కు ఉన్న స్థానాన్ని గోదావరిఖని ఉదాహరణతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఇస్లాంలో ఆరాధన అనగానే ఐదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసాలు, జకాత్, హజ్ గుర్తుకు వస్తాయి. వీటన్నింటికీ హద్దులున్నాయి. నమాజుకు వేళ ఉంది, ఉపవాసానికి నెల ఉంది, జకాత్‌కు లెక్క ఉంది, హజ్‌కు మక్కా ఉంది. ఇలాంటి హద్దులు లేకుండా రోజంతా సాగగల ఆరాధన మరొకటి ఉంది. అదే జిక్ర్, అంటే దైవస్మరణ.

గోదావరిఖని వంటి బొగ్గు గనుల ప్రాంతంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నమాజు వేళలు సూర్యుని గమనాన్ని బట్టి నిర్ణయమవుతాయి. భూగర్భ గనిలో సూర్యుడు కనిపించడు. పైగా సింగరేణిలో పని షిఫ్టుల మీద నడుస్తుంది. రాత్రి 11 గంటలకు బాయి దిగి ఉదయం 7 గంటలకు పైకి వచ్చే ఒక ముస్లిం కార్మికుణ్ణి ఊహించుకోండి. తెల్లవారుజామున చేయవలసిన ఫజర్ నమాజు వేళ మొత్తం అతని షిఫ్టులోనే గడిచిపోతుంది. మధ్యాహ్నం షిఫ్టు వారికి సూర్యాస్తమయం తరువాతి మగ్రిబ్ వేళ అలాగే గడుస్తుంది. పని నడుమ వీలు దొరికినవారు నమాజు చేసుకోవచ్చు. అందరికీ అన్నిరోజులూ ఆ వీలు దొరకదు. అలాంటి మనిషికి దేవునితో సంబంధం ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠాన్ని చదవండి.

2. జిక్ర్ – గఫ్లత్

'జిక్ర్' అనే అరబీ పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి మనసులో తలచుకోవడం, రెండోది నోటితో ప్రస్తావించడం. తెలుగులో 'స్మరణ' అన్నప్పుడు కూడా ఈ రెండూ కలిసే ఉంటాయి. దీనికి వ్యతిరేక పదం 'గఫ్లత్'. అంటే ఏమరుపాటు.

ఖురాన్ తనను తాను కూడా 'జిక్ర్' అని పిలుచుకుంది (15:9). దీని వెనుక మనిషి స్వభావాన్ని గురించిన ఒక అవగాహన ఉంది. మనిషికి సత్యం తెలియకపోవడం ఒక సమస్య. తెలిసి మరచిపోవడం అంతకన్నా తరచుగా ఎదురయ్యే సమస్య. తొలి మానవుడైన ఆదం కూడా తనకు చెప్పిన మాటను మరచిపోయాడని ఖురాన్ చెబుతుంది (20:115). అందువల్ల ఒకసారి నమ్మితే సరిపోదు, నమ్మినదాన్ని ప్రతిరోజూ గుర్తు చేసుకోవాలి. జిక్ర్ రోజువారీ సాధన కావడానికి కారణం ఇదే.

3. ఖురాన్‌లో దైవస్మరణ

ఖురాన్ జిక్ర్‌ను అనేక చోట్ల ప్రస్తావించింది. ముఖ్యమైన నాలుగు భావాలను గమనించండి.

(అ) స్మరణ పరస్పరం. మనిషి దేవుణ్ణి స్మరిస్తే దేవుడూ అతణ్ణి స్మరిస్తాడు (2:152). ఈ భావం ప్రకారం స్మరించే మనిషి ఒంటరివాడు కాడు.

(ఆ) హృదయాలకు నెమ్మది దైవస్మరణతోనే కలుగుతుంది (13:28). కష్టం తొలగిపోతుందని ఇక్కడ చెప్పలేదు. కష్టంలోనూ హృదయం నిలకడగా ఉంటుందని వ్యాఖ్యానించవచ్చు.

(ఇ) నిలబడి, కూర్చొని, పడుకొని కూడా స్మరించేవారిని ఖురాన్ మెచ్చుకుంటుంది (3:191). అంటే జిక్ర్‌కు ప్రత్యేకమైన భంగిమ అవసరం లేదు.

(ఈ) దేవుణ్ణి మరచినవారు చివరకు తమను తామే మరచిపోతారు (59:19). కాబట్టి స్మరణ మనిషి తనను తాను కాపాడుకొనే మార్గం కూడా.

శుక్రవారం నమాజు గురించిన ఆదేశంలో మరొక విశేషం ఉంది. నమాజు ముగిశాక వెళ్లి జీవనోపాధి వెతుక్కోమని చెబుతూనే, దేవుణ్ణి అధికంగా స్మరించమనీ అక్కడే చెప్పారు (62:10). మసీదు గడప దాటాక మొదలయ్యే పనికి కూడా స్మరణ తోడుగా వెళ్లాలన్నమాట.

4. స్మరణ వాక్యాలు – ఫాతిమా తస్బీహ్

జిక్ర్‌లో తరచుగా పలికే వాక్యాలు చిన్నవి. 'సుబ్‌హానల్లాహ్' అంటే దేవుడు సకల లోపాలకు అతీతుడు. 'అల్‌హమ్దులిల్లాహ్' అంటే స్తుతి అంతా దేవునికే. 'అల్లాహు అక్బర్' అంటే దేవుడే గొప్పవాడు. 'లా ఇలాహ ఇల్లల్లాహ్' అంటే అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు. 'అస్తగ్‌ఫిరుల్లాహ్' అంటే దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటున్నాను.

వీటిలో మొదటి మూడింటికీ ఒక ప్రసిద్ధ సందర్భం ఉంది. బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు దీన్ని నమోదు చేశాయి. ప్రవక్త మహమ్మద్ కుమార్తె ఫాతిమా చేతులు తిరగలి తిప్పి తిప్పి కాయలు కాశాయి. ఇంటి పనికి ఒక మనిషిని ఇమ్మని అడగడానికి ఆమె తండ్రి ఇంటికి వెళ్లారు. ఆయన ఆ రాత్రి కూతురి ఇంటికి వచ్చి, నిద్రపోయే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకమని, పనిమనిషికన్నా అది మేలని బోధించారు. దీనికే 'తస్బీహ్-ఎ-ఫాతిమా' అని పేరు.

ఈ కథనాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. శ్రమించేవారు సాయం అడగకూడదని దీని భావం కాదు. అన్నం లేని పేదలు ఎదురుగా ఉండగా సొంత కూతురికి ఇవ్వలేనని ప్రవక్త అన్నట్లు మరొక కథనంలో ఉంది. అంటే కాదనడానికి కారణం న్యాయం. కాయలు కాసిన చేతులకు ఆయన ఇచ్చింది, అలసిన రోజు చివర మనసుకు దొరికే బలం.

5. నాలుక నుంచి హృదయానికి

జిక్ర్ గురించిన చర్చలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. నోరు ఒక మాట పలుకుతుంటే మనసు అప్పుల గురించో, రేపటి పని గురించో ఆలోచిస్తుంటే దాన్ని స్మరణ అనవచ్చా?

ఇమామ్ గజాలీ (1058–1111) దీనిపై విస్తారంగా రాశాడు. ఆయన వివరించిన క్రమాన్ని నాలుగు మెట్లుగా చెప్పుకోవచ్చు. మొదటి మెట్టులో స్మరణ నాలుక మీదే ఉంటుంది. రెండో మెట్టులో హృదయం కలుస్తుంది, కాని పట్టి నిలపకపోతే జారిపోతుంది. మూడో మెట్టులో స్మరణ హృదయంలో స్థిరపడి, వదిలించుకుందామన్నా వదలదు. నాలుగో మెట్టులో 'నేను స్మరిస్తున్నాను' అన్న ఎరుక కూడా పోయి, స్మరింపబడేవాడే మిగులుతాడు. హృదయం లేని ఉచ్చారణ వల్ల ప్రయోజనం స్వల్పమని గజాలీ అభిప్రాయం.

ఈజిప్టుకు చెందిన సూఫీ ఇబ్న్ అతావుల్లా (మరణం 1309) ఇదే సమస్యను మరోవైపు నుంచి చూశాడు. మనసు నిలవడం లేదని జిక్ర్‌ను మానవద్దని ఆయన సలహా. స్మరిస్తూ ఏమరుపాటుగా ఉండటంకన్నా, స్మరణనే మానడం పెద్ద ఏమరుపాటు అని ఆయన వాదం.

ఈ రెండు అభిప్రాయాలూ ఒకదానికొకటి వ్యతిరేకం కావు. గజాలీ గమ్యాన్ని చూపాడు, ఇబ్న్ అతావుల్లా దారి మధ్యలో నిరాశ పడకుండా నిలిపాడు. మొదట్లో మనసు లేకుండా పలికిన మాటే, విడవకుండా చేస్తే మనసును వెంట తెచ్చుకుంటుంది.

6. దక్కన్ సంప్రదాయం

జిక్ర్‌ను ఎలా చేయాలన్న విషయంలో ముస్లింలలో భేదాభిప్రాయాలున్నాయి. చిష్తీ, ఖాదిరీ సూఫీ మార్గాలలో బిగ్గరగా చేసే పద్ధతి ఉంది. నక్ష్‌బందీ మార్గం మౌనస్మరణకు ప్రాధాన్యమిస్తుంది. సమష్టిగా బిగ్గరగా చేయడాన్ని అంగీకరించని ముస్లింలూ ఉన్నారు. రోజువారీ స్మరణ విలువ విషయంలో మాత్రం వీరందరిదీ ఒకే మాట.

దక్కన్‌లో ఈ స్మరణ పనిపాటల్లోకి చేరింది. బీజాపూర్ ప్రాంతపు సూఫీ సంప్రదాయంలో దక్కనీ భాషలో 'చక్కీనామా', 'చర్ఖానామా' అనే గేయాలు పుట్టాయి. స్త్రీలు తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ వీటిని పాడుకొనేవారు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో వెలువడిన బీజాపూర్ సూఫీల అధ్యయనంలో వీటిని చర్చించాడు. ఈ గేయాలలో తిరగలి భాగాలు, దాని తిరుగుడు దైవస్మరణకు సంకేతాలవుతాయి. మన తెలుగు పల్లెల్లో ఇసుర్రాయి ముందు పాడుకొన్న పాటలు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఫాతిమా తిరగలి దగ్గర మొదలైన మాట ఇక్కడి తిరగలి దగ్గర పాటగా వినిపించింది.

7. బాయిలో స్మరణ

ఇప్పుడు పరిచయంలో అడిగిన ప్రశ్నకు వద్దాం. నాలుగు విషయాలు గమనించాలి.

మొదటిది, జిక్ర్‌కు వుజూ తప్పనిసరి కాదు. ఒంటినిండా బొగ్గుమసి ఉన్నా స్మరణకు అడ్డు లేదు. వినయంతో, గొంతు పెంచకుండా, లోలోపల స్మరించమని ఖురాన్ చెప్పిన మాట (7:205) యంత్రాల మోత మధ్య పనిచేసేవారికి చక్కగా సరిపోతుంది.

రెండోది, జిక్ర్ నమాజుకు బదులు కాదు. వేళ దాటిన నమాజును తరువాత 'ఖజా'గా చేసుకోవాలి. అయితే వేళ దాటిపోయిందన్న బాధలో దేవునికి దూరమయ్యానని అనుకోకుండా జిక్ర్ ఆ సంబంధాన్ని నిలుపుతుంది.

మూడోది, జిక్ర్ భద్రతకు బదులు కాదు. గనిలో పైకప్పును తట్టి, శబ్దాన్ని బట్టి గట్టిదో వదులుదో తెలుసుకుంటారు. ఆ సమయంలో చెవి అక్కడే ఉండాలి. ఒంటెను కట్టివేసి ఆ తరువాత దేవునిపై భారం వేయమన్న ప్రవక్త బోధ ఇక్కడ వర్తిస్తుంది. ఏమరుపాటును పోగొట్టవలసిన స్మరణ, పనిలో ఏమరుపాటుకు కారణం కాకూడదు.

నాలుగోది, స్మరణ విలువ ప్రవర్తనలో తేలుతుంది. జీతం చేతికి వచ్చిన రోజు, తోటి కార్మికునితో మాట పెరిగిన రోజు మనిషి ఎలా నడుచుకున్నాడన్నదే దానికి పరీక్ష. సంపద, సంతానం దైవస్మరణ నుంచి మరల్చకూడదని ఖురాన్ హెచ్చరించింది (63:9).

8. సారాంశం

జిక్ర్ అంటే దేవుణ్ణి తలచుకోవడం, ప్రస్తావించడం. మరుపు మనిషి స్వభావం కనుక స్మరణ ప్రతిరోజూ అవసరమవుతుంది. దానికి వేళ, స్థలం, భంగిమ అనే హద్దులు లేవు. అది నాలుకతో మొదలై హృదయానికి చేరి ప్రవర్తనలో కనిపించాలి. తిరగలి తిప్పిన ఫాతిమా నుంచి షిఫ్టుకు వెళ్లే గని కార్మికుని వరకు, తీరిక లేని మనిషికి కూడా అందుబాటులో ఉండటమే ఈ ఆరాధన ప్రత్యేకత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'గఫ్లత్' అంటే ఏమిటి? దానికీ జిక్ర్‌కూ ఉన్న సంబంధం ఏమిటి?
2. తస్బీహ్-ఎ-ఫాతిమా ఏ సందర్భంలో బోధించబడింది?
3. మనసు నిలవని స్మరణ గురించి గజాలీ, ఇబ్న్ అతావుల్లాల అభిప్రాయాలను పోల్చండి.
4. మీ ప్రాంతంలో షిఫ్టులలో పనిచేసేవారు తమ మతసాధనను పనివేళలతో ఎలా సర్దుబాటు చేసుకుంటున్నారో గమనించి, 20 పంక్తులలో రాయండి.