ఫోనులో ఏఐకి జ్వరం లెక్క తెలుసా?

పురుగులు నాలుగో జ్వరానికి కూర్చుంటే ఆకు ఆపాలి, సున్నం చల్లాలి, బెడ్లు ఆరనివ్వాలి. ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, చలికాలంలో ఇంకాస్త సాగుతుంది. దాదాపు అన్నీ లేచాకే మేత. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈమధ్య మనవాళ్లు ఇలాంటివి కూడా ఫోనులో ఏఐని అడుగుతున్నారు. తెలుగులోనే చక్కగా జవాబిస్తుంది. కానీ కాలం లెక్క దగ్గర అది తడబడే అవకాశం ఉంది.

ఎందుకంటే అది నేర్చుకునేది మనుషుల రాతల నుంచి. అందరికీ తెలిసిన సంగతి ఎవరూ రాయరు కదా. 'మార్కెట్‌కి పోయొచ్చాను' అని రాస్తాం గానీ, 'పూట పట్టింది, ఏడాది పట్టలేదు' అని రాస్తామా? అందుకే ఏ పనికి ఎంతసేపు, ఏది ముందు ఏది వెనక, ఎన్నాళ్లకోసారి అనేవి దానికి విడిగా నేర్పాల్సి వస్తోంది. 2019లో అమెరికా పరిశోధకులు సరిగ్గా ఇలాంటివే 13 వేల ప్రశ్న-జవాబు జతలు తయారుచేసి అప్పటి మోడళ్లకి పరీక్ష పెట్టారు. పేరు ఎంసీ-టాకో. మనుషులకి సులువైన చోట కూడా అవి బాగా వెనకబడ్డాయి. ఇప్పటివి చాలా మెరుగు, కాదనను. అయినా మన షెడ్డు సంగతులు, అందులోనూ తెలుగులో, రాసి ఉన్నవి ఎన్ని?

ఇంకో చిక్కు గడియారం. 'జ్వరానికి కూర్చున్నాయి' అని సాయంత్రం చెప్పి, పొద్దున్నే అదే చాట్‌లో 'ఇప్పుడు ఆకు వేయొచ్చా' అంటే మధ్యలో రాత్రి గడిచిన సంగతి దానికి తెలియకపోవచ్చు. మన మెసేజ్ టైము ప్రతి యాప్‌లోనూ మోడల్‌కి అందదు. ఐదో దశ ఉండేది ఏడెనిమిది రోజులే, మొత్తం ఆకులో ఐదింట నాలుగు వంతులు అప్పుడే పోతుంది. ఒక్క రోజు లెక్క తప్పితే తోటలో ఆకు చాలదు.

కాబట్టి అడిగేటప్పుడు తేదీ, గంట, షెడ్డులో వేడి అన్నీ రాయండి: 'నిన్న సాయంత్రం 6కి నాలుగో జ్వరానికి కూర్చున్నాయి, ఇప్పుడు పొద్దున 7, సగమే లేచాయి.' జవాబు వచ్చాక కూడా ఒకసారి బెడ్ వైపు చూడండి. చంద్రికలకి ఎక్కించిన మూడో రోజే గూళ్లు తీయమంటే మాత్రం వినొద్దు. లోపల పురుగు ఇంకా గట్టి ప్యూపాగా మారి ఉండదు, చితికితే గూటికి మరక పడి రేటు పడిపోతుంది.