పరుపులోని దుమ్ము, పసివాడి శ్వాస

ఫజ్ర్ అజాన్‌కు లేచిన పిల్లవాడు వుజూకు కూర్చోకముందే వరుసగా తుమ్ముతాడు. ముక్కు కారుతుంది, కళ్లు దురదపెడతాయి, రాత్రంతా దగ్గు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని మన ఇళ్లకు ఇది కొత్త కాదు. జలుబని సరిపెట్టుకుంటాం, వీధిలోని దుమ్మును నిందిస్తాం. అసలు కారణం చాలాసార్లు పిల్లవాడు తల ఆనించిన దిండులోనే ఉంటుంది.

కంటికి ఆనని దుమ్ము పురుగులు పరుపుల్లో, బొంతల్లో, తివాచీల్లో నివసిస్తాయి. మన ఒంటినుండి రాలే చర్మపు పొట్టు వాటి ఆహారం. మనది మెట్ట ప్రాంతమే అయినా, నిద్రించేవారి చెమట, వానకాలపు తేమ వాటికి ఆసరా అవుతాయి. వాటి విసర్జకాలే అలర్జీని రేపుతాయి.

దీన్ని తేల్చేందుకు చర్మపరీక్ష ఉంది. ముంజేతిపై మందు చుక్కలు వేసి, సన్నని మొనతో పైపైన గుచ్చుతారు. 15 నుండి 20 నిమిషాల్లో దోమ కుట్టినట్టు దద్దు లేస్తే శరీరం ఆ పదార్థానికి స్పందిస్తున్నట్లు. దద్దు ఒక్కటే చాలదు. పిల్లవాడి లక్షణాలతో అది సరిపోలాలి. తుమ్ములకు వాడే మాత్రలను పరీక్షకు కొన్ని రోజుల ముందే వైద్యుని సలహాతో ఆపాలి.

పడని పదార్థాన్నే అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచి, శరీరానికి అలవాటు చేయడం ఇమ్యునోథెరపీ. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ పుప్పొడి అలర్జీపై ఈ మార్గాన్ని ప్రకటించారు. నేడు ఇంజెక్షన్లుగానో, నాలుక కింద ఉంచే మందుగానో ఇస్తున్నారు. సాధారణంగా 3 నుండి 5 సంవత్సరాలు పడుతుంది. ప్రతి ఇంజెక్షన్ తర్వాత అరగంట ఆసుపత్రిలోనే ఉండాలి. అరుదుగా తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. ఉబ్బసం అదుపులో లేని పిల్లలకు దీన్ని మొదలుపెట్టరు.

రెండు నెలల్లో గుణం కనిపించలేదని మానేస్తే పడిన శ్రమంతా వృథా. అందుకే ప్రయాణాలకు, ఖర్చుకు, కూలి పోయే రోజులకు ముందే లెక్క వేసుకోవాలి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్గొండలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మొదటి సలహాకు అక్కడి పిల్లల వైద్యులను అడగవచ్చు. "అలవాటవుతుంది" అన్న భయంతో ఇన్‌హేలర్‌ను మాత్రం ఆపకూడదు.

ఇంట్లో చేయదగినదీ ఉంది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీటితో ఉతకాలి. జానమాజ్‌నూ మరువకూడదు. పరిశుభ్రత మనకు ఈమాన్‌లో భాగం. అది పసివాడి పడకదాకా చేరాలి. దుఆ చేసే చేతులే చికిత్సకూ దారి వెతకాలి.